53 అడుగుల ట్రైలరా, 28 అడుగుల జంటా: అమెరికాలో సరుకు పంపేవారికి ఎంపిక సలహా

డాలస్ శివార్లలోని ఒక గోదాములో 24 ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క పలకలు) కిరాణా సరుకు డాక్ ముందు, అంటే బండికి ఎక్కించే అరుగు ముందు సిద్ధంగా ఉందనుకుందాం. అందులో 13 ప్యాలెట్లు ఆస్టిన్‌కు, 11 ప్యాలెట్లు శాన్ ఆంటోనియోకు వెళ్లాలి. రెండు ఊళ్లూ 35వ నంబరు ఇంటర్‌స్టేట్ మీదే ఉన్నాయి కనుక దారి గురించి తర్జనభర్జన అక్కరలేదు. తేల్చుకోవలసిందల్లా బండి సంగతే. మొత్తం సరుకును ఒకే 53 అడుగుల ట్రైలర్‌లో ఎక్కించి రెండు చోట్లా ఆగి దింపించడమా, లేక 28 అడుగుల ట్రైలర్లు రెండింటిని ఒకదాని వెనుక ఒకటి తగిలించి, ఊరికొకటి చొప్పున వదిలి రావడమా? టోకు వ్యాపారం చేసే తెలుగువారు, కొత్తగా లారీ కొనాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. గోదాములో లోడ్లు సర్దే పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను: ఏది ఎక్కువ సరుకు పడుతుందన్న లెక్కతో ఈ నిర్ణయం తేలదు, ఎందుకంటే రెండింటిలోనూ పట్టేది దాదాపు ఒకటే. మీ సరుకు ఏ చోట రెండుగా విడిపోతుందో, ఆ చోట బండిని విడదీయడానికి మీకు స్థలమూ మనిషీ ఉన్నారో లేదో చూసుకుంటే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

సరుకు బరువుతో నిండేదా, చోటుతో నిండేదా అన్నది మొదటి ప్రశ్న. ఎన్ని చోట్ల దిగుతుంది, ఏ వరుసలో దిగుతుంది అన్నది రెండోది. చివరి అరమైలు దారి ఎలాంటిది, అక్కడ డాక్ ఉందా, బండి వెనక్కు రావడానికి చోటుందా అన్నది మూడోది. ఎక్కువమంది మరిచిపోయేది కూడా ఇదే. నడిపేవారి లైసెన్సు, అనుభవం నాలుగోది. దారిలోని గాలి, మంచు అయిదోది. ఇక బండి సొంతమా, కిరాయిదా అన్న ప్రశ్నను చాలామంది చివరికి నెట్టేస్తారు కానీ, చిన్న వ్యాపారికి అదే అన్నిటినీ మార్చేస్తుంది.

రెండు బండ్ల స్వరూపం

ఇక్కడ ట్రాక్టర్ అంటే పొలం దున్నేది కాదు, ట్రైలర్‌ను లాగే ముందు బండి. 53 అడుగుల ట్రైలర్‌ను లాగే ట్రాక్టర్‌కు మామూలుగా ముందు ఒక ఇరుసు, వెనుక రెండు చోదక ఇరుసులు ఉంటాయి. ట్రైలర్ వెనుక భాగంలో మరో రెండు ఇరుసులు ఉంటాయి. జంటను లాగే ట్రాక్టర్ పొట్టిది. పడక గది లేని డే క్యాబ్, చాలా వరకు ఒకే చోదక ఇరుసుది. ఈ రంగంలో పప్ అని పిలిచే 28 అడుగుల ట్రైలర్‌కు వెనుక ఒక్కటే ఇరుసు ఉంటుంది, ముందు వైపు చక్రాలే ఉండవు. మొదటి పప్ ముందు భాగం ట్రాక్టర్ మీద ఆనుతుంది. రెండో పప్‌కు ఆ ఆనిక ఇచ్చేది డాలీ అనే, ఒకే ఇరుసు ఉన్న చిన్న చక్రాల చట్రం. దాని మీద ట్రాక్టర్ మీద ఉండే లాంటి ఫిఫ్త్ వీల్, అంటే ట్రైలర్ ముందు భాగాన్ని మోసి పట్టుకునే పళ్లెం ఉంటుంది, దాని ముందు కడ్డీ మొదటి పప్ వెనుక ఉన్న కొక్కేనికి తగులుతుంది.

లెక్కపెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. రెండు బండ్లకూ ఇరుసులు అయిదే, చక్రాలు పద్దెనిమిదే. అందువల్ల ఇరుసుల లెక్కన వసూలు చేసే టోల్ రోడ్ల మీద రెండింటికీ తేడా రాదు, టైర్ల సంఖ్యలోనూ తేడా లేదు. జంట బండి అంటే ఎక్కువ చక్రాలు, ఎక్కువ టోలు అని భయపడేవారు ఆ భయం వదులుకోవచ్చు.

ఈ కొలతలకు మూలం 1982 నాటి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ అసిస్టెన్స్ యాక్ట్. ఇంటర్‌స్టేట్లు, వాటితో పాటు గుర్తించిన ఇతర రహదారులు కలిసిన నేషనల్ నెట్‌వర్క్ మీద ప్రతి రాష్ట్రమూ కనీసం 48 అడుగుల ఒంటి ట్రైలర్‌ను, 28 అడుగుల జంటను అనుమతించి తీరాలని ఆ చట్టం నిర్దేశించింది. ట్రాక్టర్‌తో కలిపి మొత్తం పొడవు ఇంతే ఉండాలనే ఆంక్షను ఆ దారుల మీద రాష్ట్రాలు పెట్టకూడదని కూడా చెప్పింది. అంటే జంటకు దేశమంతటా సమాఖ్య చట్టం అండ ఉంది. 53 అడుగుల ట్రైలర్‌కు మాత్రం రాష్ట్రాల నిబంధనలే ఆధారం. కాలిఫోర్నియా లాంటి చోట ఆ నిబంధనలు ట్రైలర్ ఇరుసులు ఎంత దూరంలో ఉండాలన్న దాకా వెళతాయి, దాని సంగతి బరువు దగ్గర వస్తుంది.

| అంశం | ఒక 53 అడుగుల ట్రైలర్ | 28 అడుగుల జంట |
|---|---|---|
| నేల మీద పట్టే 48×40 అంగుళాల ప్యాలెట్లు | నిలువుగా పెడితే 26, అడ్డంగా తిప్పితే 30 | పప్‌కు 12 నుంచి 14, జతకు 24 నుంచి 28 |
| మొత్తం బరువు పరిమితి | 80,000 పౌండ్లు | 80,000 పౌండ్లు |
| ఇరుసుల సర్దుబాటు | వెనుక ఇరుసులు జరుపుకోవచ్చు | జరగవు. సరుకే జరపాలి |
| రెండు చోట్ల దింపడం | రెండు డాక్‌ల దగ్గరా బండి ఆగాలి | ఒకటి వదిలి సాగిపోవచ్చు |
| రివర్సు | డ్రైవర్‌కు రోజువారీ పనే | జతగా దాదాపు అసాధ్యం, విడదీయాలి |
| ఇరుకు మలుపు | వెనుక చక్రాలు బాగా లోపలికి కోస్తాయి | తక్కువ కోస్తాయి |
| హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే | ఎక్కువ నిలకడ | వెనుక ట్రైలర్ ఊగిపోతుంది |
| లైసెన్సు | క్లాస్ ఏ సీడీఎల్ (వాణిజ్య వాహనాల డ్రైవింగ్ లైసెన్సు) | క్లాస్ ఏ సీడీఎల్, పైగా టీ ఎండార్స్‌మెంట్ (ఒకటికి మించి ట్రైలర్లు లాగడానికి అదనపు అనుమతి) |

బరువు: కాగితం మీది లెక్క, కాటా మీది లెక్క

ఇంటర్‌స్టేట్ మీద మొత్తం బరువు 80,000 పౌండ్లు దాటకూడదు. ఒంటి ఇరుసు మీద 20,000, పక్కపక్కన ఉన్న జంట ఇరుసుల మీద 34,000 పరిమితి. 53 అడుగుల బండికి ముందు ఇరుసు మీద మామూలుగా పడే 12,000కు 34,000, 34,000 కలిపితే సరిగ్గా 80,000 వస్తుంది, ఒక్క పౌండు కూడా వెసులుబాటు ఉండదు. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా, సరుకు కాస్త వెనక్కు సర్దితే వెనుక ఇరుసుల జత 34,000 దాటి కాటా దగ్గర పట్టుబడుతుంది. అయితే దీనికి మందు కూడా బండిలోనే ఉంది. పిన్నులు లాగి వెనుక ఇరుసులను వెనక్కు జరిపితే వాటి మీది భారం కొంత ట్రాక్టర్ మీదికి వెళుతుంది, ముందుకు జరిపితే తిరిగి వెనుకకు వస్తుంది. కాలిఫోర్నియాలో మాత్రం ట్రైలర్ కింగ్‌పిన్ (ఫిఫ్త్ వీల్‌లో ఇరుక్కునే ముందు మేకు) నుంచి చివరి ఇరుసుకు దూరం 40 అడుగులు మించకూడదు కనుక, అక్కడికి పంపే లోడును గోదాములోనే ఆ హద్దుకు తగినట్లు సర్దుకోవాలి.

జంటకు ముందు ఇరుసు 12,000, మిగిలిన నాలుగు ఇరుసులూ 20,000 చొప్పున లెక్కిస్తే 92,000 వస్తుంది. పరిమితి 80,000 కనుక 12,000 పౌండ్ల వెసులుబాటు ఉన్నట్లు కనిపిస్తుంది. అందుకే జంటకు ఇరుసుల తంటా ఉండదని చెప్పేవారు ఉన్నారు. తేలికపాటి సరుకుకు ఆ మాట నిజమే. కానీ మిర్యాలగూడ మిల్లు నుంచి వచ్చిన సోనా మసూరి బస్తాలను రెండు పప్‌లలో నింపి చూడండి, లెక్క వేరుగా ఉంటుంది. మొదటి పప్ బరువులో సగానికి దగ్గరగా ట్రాక్టర్ ఒంటి చోదక ఇరుసు మీద పడుతుంది. దానికి ట్రాక్టర్ సొంత బరువు తోడై, ఆ ఒక్క ఇరుసు 20,000 అంచుకు చేరుతుంది, వెనుక ఇరుసులు ఇంకా తేలికగానే ఉంటాయి. పప్ ఇరుసు జరిగేది కాదు కనుక, మించితే తలుపులు తెరిచి ప్యాలెట్లను ముందు నుంచి వెనక్కు లాగడం తప్ప దారి లేదు. నా అనుభవంలో బియ్యం, కందిపప్పు లాంటి బరువైన సరుకు నిండు లోడుగా వెళ్లేటప్పుడు 53 అడుగుల బండే నయం.

మీ సరుకు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. రెండు బండ్లలోనూ చోటు సుమారు 4,000 ఘనపుటడుగులు, మోయగలిగేది సుమారు 44,000 పౌండ్లు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే ఘనపుటడుగుకు 11 పౌండ్లు. మీ ప్యాలెట్ అంతకంటే బరువైనదైతే బండి నిండకముందే తూకం నిండుతుంది. తేలికైనదైతే తూకం నిండకముందే చోటు నిండుతుంది. బియ్యం ప్యాలెట్ 11ను సులువుగా మూడింతలు దాటుతుంది, అలాంటివి 2,000 పౌండ్ల చొప్పున 22 ప్యాలెట్లతోనే లోడు అయిపోతుంది. మరమరాలు, పేలాలు, కాగితపు విస్తళ్లు, స్నాక్స్ పెట్టెలు 11కు ఎంతో దిగువన ఉంటాయి. ఆ రెండో రకానికి జంటలో అదనంగా దొరికే మూడు అడుగుల నేల నిజమైన లాభమే. మొదటి రకానికి అది ఉన్నా లేకున్నా ఒకటే.

విడిపోయే సరుకు: జంట బలం ఇక్కడే

మళ్లీ మన 24 ప్యాలెట్ల దగ్గరికి వద్దాం. డాలస్ నుంచి శాన్ ఆంటోనియోకు సుమారు 275 మైళ్లు, ఆస్టిన్‌కు 195. పోను రాను పది గంటల ప్రయాణం. సమాఖ్య నిబంధనల ప్రకారం డ్రైవర్‌కు ఒక పని దినంలో 11 గంటలకు మించి నడపడానికి వీల్లేదు. పని మొదలుపెట్టిన 14 గంటల తరువాత నడపనే కూడదు. 53 అడుగుల బండి రెండు డాక్‌ల దగ్గర రెండేసి గంటలు ఆగితే పదికి నాలుగు కలిసి 14 నిండుతాయి. ఆస్టిన్ దగ్గర వాహనాలు కిక్కిరిసి అరగంట ఆలస్యమైందా, డ్రైవర్ ఆ రాత్రి ఇల్లు చేరడు. అదే జంటతో వెళితే ఆస్టిన్‌లో ఒక పప్‌ను యార్డులో వదిలి, రెండోదాన్ని శాన్ ఆంటోనియోలో వదిలి, అక్కడ సిద్ధంగా ఉన్న ఖాళీ పప్‌లను తగిలించుకుని తిరిగి రావచ్చు. డాక్ దగ్గర నిరీక్షణ డ్రైవర్‌ది కాదు, ట్రైలర్‌ది అవుతుంది. వేచి ఉన్నందుకు డ్రైవర్‌కు కూలి ఇవ్వాలి, ట్రైలర్‌కు అక్కరలేదు.

అయితే ఈ వాక్యంలో రెండు షరతులు దాగి ఉన్నాయి. ఆస్టిన్‌లో పప్‌ను, డాలీని వదలడానికి మీకో, మీ కొనుగోలుదారుకో యార్డు ఉండాలి. ఆ పప్‌ను డాక్ దాకా తీసుకువెళ్లడానికి స్థానికంగా ఒక ట్రాక్టర్ ఉండాలి. ఈ రెండూ లేనివారు జంట కొనడమంటే కాడెద్దులు లేకుండా నాగలి కొనడమే.

దీనికి మించిన మెలిక ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. జంటలో బరువైన ట్రైలర్ ముందు ఉండాలి, తేలికైనది వెనుక ఉండాలి. ఎందుకో కింద చెబుతాను. కానీ ముందుగా వదలవలసిన ట్రైలర్ వెనుక ఉంటేనే పని సులువు. మన ఉదాహరణలో ఆస్టిన్‌కు వెళ్లే 13 ప్యాలెట్లు బియ్యం, శాన్ ఆంటోనియోకు వెళ్లే 11 ప్యాలెట్లు స్నాక్స్ అనుకోండి. బరువు నియమం ప్రకారం ఆస్టిన్ పప్ ముందుండాలి, దారి నియమం ప్రకారం వెనుక ఉండాలి. రెండూ కుదరవు. అప్పుడు ఆస్టిన్ యార్డులో మొదట వెనుక పప్‌ను విడదీసి, ముందు పప్‌ను వదిలి, మళ్లీ వెనుకదాన్ని ట్రాక్టర్‌కు తగిలించుకోవాలి. జంట ఇస్తుందనుకున్న సమయంలో మంచి భాగం అక్కడే ఖర్చయిపోతుంది. అందుకే జంట గురించి ఆలోచించేవారు ప్యాలెట్ల సంఖ్య ఒక్కటే కాకుండా ఏ ఊరికి ఎన్ని పౌండ్లో ఒక నెల లోడ్లు ముందు వేసుకుని చూడాలి. దూరపు ఊరికి బరువైనది, దగ్గర ఊరికి తేలికైనది వెళ్లే రోజులే ఎక్కువైతే జంట మీకోసమే.

వీధి, మలుపు, రివర్సు

53 అడుగుల ట్రైలర్ కుడి మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు. అవి లోపలికి కోసుకుంటూ వచ్చి కాలిబాట అంచు ఎక్కుతాయి, ఒక్కోసారి స్తంభాన్నే తాకుతాయి. జంట మధ్యలో కీళ్లు ఉన్నాయి కనుక పొడవు దాదాపు అంతే అయినా పాములా మడత పడుతూ తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే మలుపుల్లో అది కోసుకునే స్థలం తక్కువ. ఆ కీళ్లే రివర్సులో శత్రువులవుతాయి. జంటను వెనక్కు తోస్తే డాలీ ఒక వైపు, వెనుక పప్ మరో వైపు మెలికపడతాయి, కొన్ని అడుగులకు మించి సాగదు. దారి తప్పి ముగింపు లేని వీధిలోకి వెళ్లిన జంట డ్రైవర్ అక్కడే బండిని విప్పుకుని బయటపడాలి.

కానీ నగరంలోకి జంట జంటగా వెళ్లదు. ఒంటి పప్‌గా వెళుతుంది, అసలు ఉపయోగం అప్పుడే కనిపిస్తుంది. పొట్టి ట్రాక్టర్, 28 అడుగుల పప్ కలిసి 53 అడుగుల బండి దూరలేని సందుల్లోకి దూరుతాయి. జంటలో భాగంగా తిరిగే 28 అడుగుల ఒంటి ట్రైలర్‌కు సరుకు ఎక్కించే, దింపే చోట్లకు వెళ్లే సహేతుకమైన దారిని రాష్ట్రాలు నిరాకరించకూడదని సమాఖ్య నిబంధనే ఉంది. న్యూయార్క్ నగరం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడ ట్రాక్టర్, ట్రైలర్ కలిపి 55 అడుగులు మించకూడదు. 53 అడుగుల ట్రైలర్‌కు నగరం గుండా వెళ్లే కొన్ని ఇంటర్‌స్టేట్ భాగాల మీద మాత్రమే అనుమతి. జంటకూ ఆ వీధుల్లో చోటు లేదు. ఒంటి పప్‌కు ఉంది.

ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలియలేదు. న్యూజెర్సీ గోదాము నుంచి క్వీన్స్‌లోని ఒక కిరాణా దుకాణానికి పంపిన లోడుకు, బండి పొడవు ఎంతని అడగకుండా కిరాయి మాట్లాడాను. వచ్చినది 53 అడుగుల ట్రైలర్. నేను చూసుకోలేదు, పంపినవారూ చెప్పలేదు. డ్రైవర్ నగరం అంచు దాకా వెళ్లి, ముందుకు సాగనని ఫోన్ చేశాడు, అతనిదే న్యాయం. సరుకు వెనక్కు వచ్చింది. మర్నాడు పొట్టి ట్రైలర్‌లోకి మార్చి పంపేసరికి రెండు కిరాయిలు, ఒక రోజు ఆలస్యం. దుకాణం ముందు డాక్ కూడా లేదని, లిఫ్ట్‌గేట్ (సరుకును నేలకు దింపే మరబల్ల) ఉన్న బండి అడిగి ఉండవలసిందని అప్పుడు తెలిసింది.

గాలి, మంచు, కొరడా

బరువైనది ముందుండాలన్న నియమానికి కారణం ఇది. ట్రాక్టర్ చటుక్కున పక్కకు తిరిగితే ఆ ఊపు మొదటి ట్రైలర్‌కు, దాని నుంచి డాలీ ద్వారా రెండోదానికి చేరేసరికి పెరుగుతుంది. కొరడా పిడి కొంచెం కదిలితే కొస ఎంత దూరం కొడుతుందో అలాగే వెనుక ట్రైలర్ విసురుగా ఊగుతుంది. మూడు ట్రైలర్లను తగిలించిన బండిలో చివరిది అయిదు ఇరుసుల మామూలు బండి కంటే 3.5 రెట్లు బోల్తా పడే అవకాశం ఉందని సీడీఎల్ మాన్యువల్ చెబుతుంది. రెండు ట్రైలర్ల జంటలో ఈ ఊపు అంత తీవ్రం కాదు కానీ, 53 అడుగుల ఒంటి ట్రైలర్ కంటే ఎక్కువే. జింక అడ్డం వచ్చిందని స్టీరింగ్ తిప్పేసే అలవాటున్న డ్రైవర్ జంట నడపకూడదు.

ఖాళీ పప్ గాలికి మరీ తేలిక. వయోమింగ్‌లో 80వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద గాలి ఎక్కువైనప్పుడు తేలికపాటి ఎత్తైన వాహనాలకు దారి మూసేస్తారు. ఒక పప్ నిండుగా, మరొకటి ఖాళీగా తిరిగి వచ్చే జంటకు ఆ మూసివేత సూటిగా తగులుతుంది. టెక్సాస్‌లో హైవే మీద నడిపేవారికి ఇది రోజూ ఎదురయ్యే బెడద కాదు. డెన్వర్ దాటి పడమరకు పంపేవారు మాత్రం చలికాలానికి 53 అడుగుల బండినే నమ్ముకోవడం మంచిదని నా సలహా.

కట్టడం, విప్పడం

జంట ఖర్చులో ఏ రసీదులోనూ కనబడని భాగం ఇది. ఒక రాత్రి యార్డులో పక్కన నిలబడి చూశాను. డ్రైవర్ మొదట డాలీని వెనుక పప్ ముక్కు ముందు నిలబెట్టాడు. డాలీ సుమారు 3,000 పౌండ్ల ఇనుము. ట్రాక్టర్‌తో ముందు పప్‌ను వెనక్కు తెచ్చి, దాని వెనుక కొక్కేన్ని డాలీ కడ్డీ కంటికి సరిగ్గా ఎదురుగా ఆపాడు. కొక్కెం తగిలించి తాళం వేసి, డాలీ ఊత కాలును పైకి మడిచాడు. తరువాత మొత్తాన్ని అంగుళం అంగుళం వెనక్కు తోసి డాలీని వెనుక పప్ కిందికి పంపాడు. లోపల దవడ కింగ్‌పిన్‌ను పట్టిందా లేదా అని టార్చి వేసి, వంగి చూశాడు. ఆ తరువాత గొలుసులు, గాలి గొట్టాలు, లైట్ల తీగ. ముందు పప్ వెనుక ఉన్న గాలి కవాటాలు తెరవాలి, వెనుక పప్ వెనుక ఉన్నవి మూయాలి. చివరన అతను బండి చివరకు నడిచి వెళ్లి, ఎమర్జెన్సీ కవాటాన్ని ఒక్క క్షణం తెరిచాడు. సుయ్యిమని గాలి వచ్చింది. ఆ శబ్దం వినకుండా యార్డు దాటకూడదు, ఎందుకంటే మధ్యలో ఒక కవాటం మూసి ఉంటే వెనుక ట్రైలర్‌కు బ్రేకు ఉన్నట్లే కనిపిస్తుంది, ఉండదు.

విప్పేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. డాలీ ఇంకా వెనుక పప్ కిందే ఉండగా ముందు కొక్కెం తీస్తే డాలీ కడ్డీ ఎగిరి మనిషిని కొట్టగలదు. టీ ఎండార్స్‌మెంటుకు రాత పరీక్ష చాలు, రోడ్డు పరీక్ష లేదు. పరీక్ష సులువని పని సులువనుకోకూడదు. కొత్త డ్రైవర్‌ను జంటతో ఒంటరిగా పంపే ముందు, కట్టడం విప్పడం కనీసం కొన్ని వారాలు అనుభవజ్ఞుడి పక్కన చేయించండి.

ఖర్చు

టోలు, టైర్ల సంఖ్య ఒకటేనని చెప్పాను. మిగిలినవాటిలో జంటకే ఖర్చు ఎక్కువ. రెండు ట్రైలర్లు, ఒక డాలీ అంటే రిజిస్ట్రేషన్లు, లైట్లు, బ్రేకులు, తలుపులు అన్నీ ఎక్కువ. ఏడాదికొకసారి జరగవలసిన తనిఖీ డాలీతో సహా ఒక్కొక్కదానికీ విడిగా జరగాలి. డాలీ ఒకటి చెడిపోతే రెండు మంచి పప్‌లు ఉండి కూడా జంట కదలదు. ఇంకో పక్క, 53 అడుగుల ట్రైలర్ అద్దెకు దొరకడం సులువు, అమ్ముకోవడం సులువు. లోడ్ బోర్డుల్లో, అంటే కిరాయి లోడ్లు వెతుక్కునే వెబ్‌సైట్లలో, బ్రోకర్లు పెట్టే డ్రై వ్యాన్ (శీతలీకరణ లేని మూసిన ట్రైలర్) లోడ్లలో ఎక్కువ భాగం దానినే కోరతాయి. జంట కొన్నవాడికి తన సొంత సరుకు లేని రోజున బయట లోడు దొరకడం కష్టం.

జంటలకు మేలు జరగాలంటే ప్రతి రాత్రీ రెండు చివరలా సరుకు ఉండాలి. అందుకే అవి ఎల్‌టీఎల్ కంపెనీల దగ్గర, అంటే బండి నిండని చిల్లర సరుకును పోగు చేసే సంస్థల దగ్గర కనిపిస్తాయి. ఓల్డ్ డొమినియన్, సాయా, ఎక్స్‌పీఓ లాంటివి పగలంతా ఒంటి పప్‌లతో ఊళ్లో సరుకు సేకరించి, రాత్రి రెండేసి జతకట్టి తరువాతి టెర్మినల్‌కు పంపుతాయి. నడి దారిలో ఇద్దరు డ్రైవర్లు కలుసుకుని ట్రైలర్లు మార్చుకుని ఎవరి ఇంటికి వారు తిరిగి వెళతారు. ఒకే ఊరికి వెళ్లే పప్‌ను మధ్య టెర్మినల్‌లో విప్పకుండా, అలాగే వేరే జతకు తగిలించవచ్చు. సరుకును చేతులు మార్చకపోవడమే అక్కడి పొదుపు. ఆ వ్యవస్థ లేకుండా ఆ బండి మాత్రమే కొంటే ఆ పొదుపు రాదు.

జంటలోని ఒక్కో ట్రైలర్ పొడవును 33 అడుగులకు పెంచాలన్న ప్రతిపాదన 2015లో కాంగ్రెస్ ముందుకు వచ్చి చట్టం కాలేదు. 2016లో ముగిసిన సమాఖ్య రవాణా శాఖ అధ్యయనం కూడా పరిమాణ, బరువు పరిమితులు మార్చమని సిఫారసు చేయలేదు. అందువల్ల రేపో మాపో 33 వస్తుందన్న ఆశతో ఈ రోజు కొనుగోలు వాయిదా వేయవద్దు, తొందరపడనూ వద్దు.

ఎవరికి ఏది

కిరాణా దుకాణం ఉండి, వారానికి ఆరు ప్యాలెట్ల లోపు తెప్పించుకునేవారికి ఈ రెండింటిలో ఏదీ కొనే అవసరం లేదు. మీరు ఎల్‌టీఎల్‌కు వెళతారు, మీ సరుకు ఎలాగూ పప్‌లోనే వస్తుంది. మీరు అడగవలసింది లిఫ్ట్‌గేట్ గురించి, దుకాణం ముందు బండి ఆగే చోటు గురించి.

ఒక గోదాము నుంచి ఒక్క కొనుగోలుదారుకు నిండు లోడు పంపే టోకు వ్యాపారికి 53 అడుగుల ట్రైలర్ అన్న జవాబులో నాకు సందేహం లేదు. బియ్యం, పప్పులు, నూనె డబ్బాల వ్యాపారమైతే మరీనూ. డాక్ దగ్గర ట్రైలర్ వదిలి వెళ్లే ఒప్పందం కుదుర్చుకోగలిగితే, జంట ఇచ్చే నిరీక్షణ లాభం కూడా చాలా వరకు ఇందులోనే దొరుకుతుంది.

ఒకే దారిలో రెండు ఊళ్లలో సొంత గోదాములు ఉండి, రోజూ రెండింటికీ సరుకు పంపుతూ, తేలికైన సరుకే ఎక్కువగా ఉన్నవారికి జంట నిజంగా పనికొస్తుంది. అయినా మొదటి రోజే కొనవద్దు. ట్రాక్టర్, పప్‌లు, డాలీ మూడింటినీ కొన్ని నెలలు అద్దెకు తీసుకుని, ఆస్టిన్ లాంటి మధ్య ఊరిలో ప్రతి సారీ ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు బరువు వరుస దారి వరుసతో పొసగలేదో రాసుకోండి. నెలకు సగం సార్లకు మించి పొసగకపోతే అద్దె గడువుతో ఆపేయండి.

ఒక్క బండితో సొంతంగా మొదలుపెట్టే లారీ యజమానికి 53 అడుగుల ట్రైలరే. బయట లోడ్లలో ఎక్కువ భాగం దానికే ఉన్నాయి. తరువాత ఎప్పుడైనా ఎల్‌టీఎల్ కంపెనీకి రాత్రి దారి కాంట్రాక్టు దొరికితే, ఆ ట్రైలర్లు సాధారణంగా కంపెనీవే ఉంటాయి. మీకు కావలసింది టీ ఎండార్స్‌మెంట్, డే క్యాబ్ మాత్రమే. రోజూ ఇల్లు చేరాలనుకునే డ్రైవర్లకు ఆ పని నచ్చుతుంది, రాత్రి మెలకువ, చలిలో డాలీతో కుస్తీ మీకు పడితేనే.

న్యూయార్క్ లాంటి నగరంలోకి పంపేవారికి రెండు బండ్లూ కాదు, ఒంటి పప్. నగరం బయట గోదాము దాకా 53 అడుగుల బండిలో తెచ్చి, అక్కడ పప్‌లోకి మార్చడం ఒక పద్ధతి. ఎక్కించేటప్పుడే పప్‌లో వేసి నేరుగా పంపడం రెండోది. మార్చడానికి పట్టే కూలి, పప్‌ను దూరం లాగడానికి అయ్యే కిరాయి పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇక కిరాయి మాట్లాడేటప్పుడు ఎవరైనా సరే ఫోన్లో మొదట అడగవలసింది ధర కాదు. ట్రైలర్ ఎన్ని అడుగులది, ట్రాక్టర్‌కు పడక ఉందా లేదా, లిఫ్ట్‌గేట్ ఉందా అన్న మూడూ అడిగి, జవాబులను బిల్లు మీద రాయించుకోండి.